వ్యానుకు అమావాస్య లేదు

వ్యానొచ్చింది! నిజంగా వచ్చేసింది! పొద్దున నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని ఊళ్లకి కబుర్లు రాస్తా ఉంటే గేటు కాడ హారను మోగింది. తలెత్తి చూస్తే బూడిదరంగు వ్యాను. గుంటూరు నుంచి తోలుకొచ్చిన డ్రైవరు దిగి, "ఇక్కడ బండ్ల సంగతి చూసే అమ్మాయి ఎవరమ్మా?" అని అడిగి, తాళాలు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. నాకు తోలడం రాదు, తోలేది ఆ డ్రైవరే. అయినా ఆ తాళాలు నా దగ్గరే ఉన్నాయి. మధ్యాన్నం అన్నం తింటా కూడా ఎడం చేత్తో పట్టుకునే ఉన్నా.

పాత వ్యానే. ఎక్కడో వాడి వాడి మా ఆసుపత్రికి పంపించారు. అయితే ఏంది! వెనక సీట్లు పీకేసి రెండు పక్కలా బల్లలు బిగించారు. మధ్యన నులకమంచం పట్టేంత చోటు ఉంది. వెనక తలుపు తీస్తే నేల మీదికి వాలే చెక్క ఉంది. కాలు లేనోళ్లు, మోకాలు మడవలేనోళ్లు దాని మీద పాక్కుంటా అయినా ఎక్కొచ్చు. నేను పాకి ఎక్కి చూశా. దిగి, మళ్లీ ఎక్కా.

మా నర్సు సిస్టరుగారు కేరళ ఆవిడ. ఇక్కడికొచ్చి చానా ఏళ్లయింది, మా మాటే మాట్లాడతది. "ఏమే, బీయే చదివినదానివి, ఆ పాకులాట ఏందే?" అంది.

"పాకనా మరి సిస్టరుగారూ! బేస్తవారం అమావాస్య!"

"అమావాస్యకీ వ్యానుకీ ఏంది సంబంధం?"

మాట మా మాటే గానీ మా నేల సంగతులన్నీ ఆవిడకి తెలవవు. ఆవిడకి చెప్పాల్సింది ఇక్కడ రాస్తన్నా.

నా ఉద్యోగం ఇది. చుట్టుపక్కల ఊళ్లలో కదల్లేని ముసలోళ్లు, కాళ్లు చచ్చుపడినోళ్లు, చూపు పోయినోళ్లు ఎవరెవరున్నారో కనుక్కోవాలి. వాళ్లని ఆసుపత్రికి తీసుకొచ్చి మళ్లీ ఇంటికి చేర్చాలి. ఇన్నాళ్లూ అన్నీ ఎద్దుబండ్లే. ఏ ఊళ్లో ఎవరికి బండుంది, ఎవరు ఏ రోజు ఎడ్లనిస్తారు, ఏ సందులో బండి తిరగదు, ఏ ముసలమ్మ ఏ ముసలాయనతో ఒక బండెక్కనంటది, ఇవన్నీ నా బుర్రలోనే. మా వైపు నుంచి కాలేజీ మొహం చూసింది నేనే మొదలు. మా పల్లెలో ఆడోళ్లు ఎదురుపడితే, "మీ నాయన పది దాకన్నా చదవలా, బండి తోలాడు. నువ్వు బీయే చదివీ బండ్లే తోలిస్తన్నావా?" అని ఎకసెక్కాలాడతారు. తోలిస్తన్నా. అందుకే చదివా.

కళ్ల ఆపరేషన్లు చేసే డాక్టరుగారు గుంటూరు నుంచి యేడాదికి ఒక్కసారే వస్తారు. పొద్దున రైలుకి దిగి, సాయంత్రం రైలుకి పోతారు. ఈ యేడు ఆయనకి కుదిరింది బేస్తవారం ఒక్కటే. మార్చమని కాళ్లావేళ్లా పడ్డా, కుదరదన్నారు. ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు మా పల్నాట్లో ఎవరూ ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. అరక లేదు, బండి లేదు. ముందురోజే తెచ్చి ఉంచుదామంటే ఆసుపత్రిలో అంతమందికి చోటు లేదు. అంటే కళ్లు పొరలు కమ్మిన నా ముసలోళ్లంతా ఎక్కడోళ్లక్కడే. ఇంకో యేడు ఆగాలి. ఇంకో యేడు ఆగితే ఏమవద్దో నాకు తెలుసు. మా ఇంట్లోనే చూశా.

మా నాయనది నాపరాళ్లు పరిచే పని. మా ఊరు ఈపూరు వైపు, ఈ ఆసుపత్రి ఉన్న పేటకి దూరం. తుమ్మచెక్క సంపాయించి, వడ్రంగితో ఒక బండి చేయించుకున్నాడు మా నాయన. ఎడ్లు మాత్రం లేవు. మా ఊరి ఆసామి ఒకాయన ఇంట్లో, గొడ్ల చావట్లో, కల్లంలో రాళ్లన్నీ మా నాయన పరిచినవే. దానికి బదులుగా ఆయన అప్పుడప్పుడూ ఎడ్లనిచ్చేవాడు. మా కిరస్తానపు గుళ్లో సంస్కారమిచ్చే, అంటే ప్రభువు రొట్టె పంచే ఆదివారం వచ్చిందంటే, మా నాయన పల్లెంతా తిరిగి నడవలేని వాళ్లందర్నీ బండిలో గుడికి తీసుకుపోయేవాడు. గుడి పక్కూళ్లో ఉండేది.

బండెక్కించడానికి ఆయన పద్ధతి ఆయనది. కాళ్లు లేనోళ్లు వెనక, దించడం తేలిక గాబట్టి. చూపు లేనోళ్లు మధ్యన, పట్టుకోవడానికి రెండు పక్కలా మనుషులుంటారు గాబట్టి. చెవుడోళ్లు ముందు. ఎందుకు నాయనా అంటే, "గుడికి పోతా పోతా నేను ఎడ్లని తిట్టే తిట్లు మంచోళ్ల చెవిన పడితే పాపం గదే" అనేవాడు. ఆ తిట్లు మాత్రం పొలాల్లో ఉన్నోళ్లందరికీ వినపడేవి.

నాకు పదమూడో పద్నాలుగో ఏళ్లు అప్పుడు. సాగరు కాలవ తవ్వుతున్న రోజులు. మా నాయనమ్మకి రెండు కళ్లకీ పొరలొచ్చాయి. ఎదురుగా మనిషి నిలబడితే నీడ నిలబడినట్టు ఉంటదనేది. ఆమె బాధంతా అన్నం కాడ. జొన్నల్లో, బియ్యంలో రాళ్లు ఏరడం మా ఇంట్లో ఆమె పని. ఇప్పుడు ఆమె ముద్దలోనే రాయి పడితే తెలవదు. పటుక్కున కొరికి, నోట్లోంచి తీసి పక్కన పెట్టి, మళ్లీ తినేది. "నాకు లోకమంతా ఏం కనపడక్కర్లేదే పిల్లా. నా ముద్దలో రాయి నాకు కనపడితే చాలు" అనేది నాతో.

పేట ఆసుపత్రికి కళ్ల డాక్టరొస్తన్నాడని గుళ్లో పాస్టరయ్యగారు చెప్పారు. మంగళవారం, ఒక్కరోజే. మా నాయన ఆసామి కాడికి పోయి, మంగళారం ఎడ్లు కావాలయ్యా అనడిగాడు. తోలకపోరా అన్నాడాయన. ఎప్పుడన్నా మేం అడిగిన రోజు అమావాస్య పడితే ఆయనే ముందురోజు కబురంపేవాడు. మేం దాని మీదే ఆధారపడ్డాం. ఆ వారం ఆయన చుట్టాల పెళ్లికి పోయి సోమవారం పొద్దుగూకాక వచ్చాడు. కబురు రాలేదు. రాలేదంటే ఏం లేదనే గదా అనుకున్నాం.

మా ఇంట్లో గోడకి ఉన్నది గుడోళ్లిచ్చిన క్యాలెండరు. అందులో ఆదివారాలు ఎర్రగా ఉంటాయి. మట్టల ఆదివారం ఉంటది, మంచి శుక్రవారం ఉంటది. అమావాస్య ఉండదు.

మంగళవారం తెల్లవారి మా నాయనా నేనూ ఎడ్ల కోసం పోయాం. ఆసామి అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. ఆయన పక్కన ఊళ్లో పెద్దోళ్లు కొందరున్నారు. మా నాయన చావట్లోకి పోయి పలుపు విప్పబోతుంటే ఆయన కేకేశాడు.

"ఒరేయ్, ఎక్కడికిరా ఎడ్లు?"

"పేటకయ్యా. కళ్ల డాక్టరొస్తన్నాడని చెప్పా గదా, మా అమ్మకి. మంగళారమని."

"మంగళారమన్నావు. అమావాస్యని చెప్పావా?"

మా నాయన పలుపు వదిలేశాడు. "మేం కిరస్తానపోళ్లం గదయ్యా. తట్టలేదు."

"మీరు కిరస్తానపోళ్లేరా. నా ఎడ్లు కాదుగా!"

అరుగు మీద వాళ్లంతా నవ్వారు. మా నాయనా నవ్వాడు. నవ్వక తప్పదు. నేను మాత్రం నవ్వలా.

ఆసామి చెడ్డోడేం కాదు. పుల్ల ఊసేసి, "రేపు తోలకపోరా. అరక ఆపేసి మరీ ఇస్తా" అన్నాడు.

"రేపు డాక్టరుండడయ్యా."

"ఉండకపోతే నేనేం చేసేది? ఇంకెవుర్నన్నా అడిగి చూడు."

అడగడానికేం లేదు. ఆ రోజు ఊళ్లో ఉన్న ఎడ్లన్నీ కడిగించుకుని, కొమ్ములకి నూనె రాయించుకుని నీడన పడుకున్నాయి.

ఇంటికొచ్చేసరికి బండి వాకిట్లో సిద్ధంగా ఉంది. నాయనమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది. వెనక మంచం మీద చిన్నాన్న ఉన్నాడు. చిన్నాన్న అంటే మాకు సొంత చిన్నాన్న కాదు, పల్లెలో వరస. కాలవ పనిలో రాళ్లు పగలగొట్టే మందు తూటా పేలి, రాయొచ్చి మీద పడితే ఒక కాలు మోకాలి కింద తీసేశారు. పుండు మానలేదు. కుళ్లు వాసన కొడతా ఉంటే గుడ్డ కట్టుకుని, జొరంతో ఒణుకుతా ఉన్నాడు. ఆయన్నీ అదే బండిలో ఆసుపత్రికి చేర్చాలి.

సంగతి వినగానే మా నాయనతో రాళ్ల పనికి పోయేవాళ్లు నలుగురూ పోగయ్యారు. అందులో ఒకాయన కాడి ఎత్తి భుజాన పెట్టుకుని, "అమావాస్య ఎడ్లకే గదా, మనకి లేదుగా. పదండి" అన్నాడు.

మనుషులే కాడి మోశారు. ఇద్దరు కాడి కింద, మా నాయనా ఇంకో ఇద్దరూ చక్రాల కాడ. నేను బండి పక్కన నడిచా. మా నాయనమ్మకి ముందు అర్థం కాలేదు. బండి కదిలింది గానీ ఎడ్ల మువ్వలు వినపడలేదు. మా నాయన తిట్లూ వినపడలేదు. తర్వాత రొప్పు వినపడింది. చేత్తో గాల్లో తడిమి, "ఒరేయ్ అబ్బాయ్, ఎవుర్రా లాగుతుంది?" అంది.

"మేమే అమ్మా."

ఆమె బండి అంచు గట్టిగా పట్టుకుంది. తర్వాత, "పేటకి పోయాక మీకు అన్నం పెట్టించాలా, గడ్డెయ్యాలా?" అంది. అందరూ నవ్వారు. నవ్వితే ఊపిరాడక బండి ఆపాల్సొచ్చింది. చిన్నాన్న కూడా నవ్వాడు. ఆ దారిలో అదే ఆఖరి నవ్వు.

పేటకి పోయే పాత బండిదారికి అడ్డంగా అప్పటికి కాలవ తవ్వేశారు. వంతెన కట్టలేదు. ఎడ్లుంటే చుట్టూ తిరిగి, మట్టి కట్టేసిన చోట దాటేవాళ్లం. మనుషులు లాగే బండి అంత చుట్టు తిరగలేదు. అందుకని నేరుగా కాలవ గట్టు కాడికే పోయి బండి అక్కడ వదిలేద్దాం, మంచం మోసుకుని దిగి ఎక్కుదాం అనుకున్నారు.

గట్టు కాడికి పోయేసరికి ఎర్రగుడ్డ ఊపుతా ఒకడు అడ్డమొచ్చాడు. "ఆగండి, ఆగండి! తూటాలు పెట్టారు! అయిందాకా ఎవరూ దిగడానికి లేదు!"

మా నాయన వాడి గడ్డం పట్టుకున్నాడు. "అబ్బాయ్, డాక్టరెళ్లిపోతాడయ్యా. ఈ ముసల్దాని కళ్లు చూడు."

"కళ్లు చూస్తే? రాయొచ్చి పడితే ఆ ఉన్న తల కూడా పోద్ది" అన్నాడు వాడు. వాడి మాటా నిజమే.

ఎండలో బండి కింద నీడన కూర్చున్నాం. ఒక్కొక్క తూటా పేలినప్పుడల్లా మంచం మీద చిన్నాన్న ఎగిరిపడి, లేని కాలు పట్టుకోబోయేవాడు. మా నాయనమ్మ తడుముకుంటా పోయి ఆయన చెవులు రెండూ తన చేతుల్తో మూసి పట్టుకుంది. పేలుళ్లు ఆగిందాకా ఆ చేతులు తియ్యలేదు. ఎండ నెత్తి మీద నుంచి పక్కకి జరిగింది. పొద్దు పోతందని చూడగలిగినోళ్లందరికీ తెలుస్తంది. ఆమెకి చెప్పలేదు.

పచ్చజెండా ఊపాక మంచం దించారు. నలుగురూ మంచానికే సరిపోయారు. నాయనమ్మని దించడానికి నేనూ, మా నాయనా. కొత్తగా పగలగొట్టిన రాళ్లు, కాలు పెడితే జారతన్నాయి. ఆమె నిలబడలేక కూర్చుండిపోయి, కూర్చునే జారుకుంటా దిగింది. నేను కింద నుంచి ఆమె పాదాలు పట్టుకుని ఒక్కో రాయి మీద పెట్టా. ఎక్కేటప్పుడు మా నాయన వీపు మీద ఎక్కించుకున్నాడు. గట్టెక్కాక ఆమె చీర వెనకంతా చిరిగిపోయింది. నేను నా ఓణీ తీసి కట్టా.

నాయనమ్మకి కాళ్లున్నాయి గాబట్టి నడిచింది. చిన్నాన్నకి ప్రాణం మీదికొచ్చింది గాబట్టి మంచం ముందు పోయింది. అదీ ఆమె చెప్పిందే. "వాణ్ని పట్టకపోండ్రా. నా కళ్లేం పారిపోతాయి" అంది.

ఆసుపత్రికి పోయేసరికి వరండా కడుగుతున్నారు. కళ్లకి కట్లు కట్టుకున్నోళ్లు గోడ వారగా వరసగా పడుకుని ఉన్నారు. లోపల్నుంచి నర్సొచ్చి, "కళ్ల డాక్టరు రైలుకెళ్లిపోయారమ్మా. ఇంతసేపటిదాకా చూశారు, పొద్దున్నే రావద్దూ" అంది.

మా నాయన మెట్ల మీద కూలబడ్డాడు. నేను గేటు కాడికి పరిగెత్తా. రోడ్డు మీద ఎవరూ లేరు. తిరిగొచ్చి, "డాక్టరు వీపు కూడా కనపళ్లేదు నాయనమ్మా" అని ఏడ్చా.

"ఉంటే మాత్రం నాకు కనపడేదా ఏందే" అంది.

చిన్నాన్నకి కాలు ఇంకాస్త పైకి తీసేశారు. బతికాడు.

మరుసటి యేడు అమావాస్య అడ్డం రాలేదు. మేం అడక్కముందే, తెల్లవారకముందే, ఆసామి ఎడ్లని తన మనిషితో మా వాకిట్లోకి పంపించాడు. అందరి కంటే ముందు మేమే పోయాం. డాక్టరుగారు మా నాయనమ్మ కళ్లలోకి లైటేసి చూశారు. చూసి లైటు ఆర్పేశారు. పొరొక్కటే కాదు, లోపల నీరు ఒత్తి నరాలు చచ్చిపోయాయన్నారు. ఇప్పుడు పొర తీసినా చూపు రాదన్నారు. "పోయినేడు తీసుకురావాల్సింది" అని ఆయన మామూలుగానే అన్నారు. ఆయనకేం తెలుసు?

ఆ రోజు తిరుగుదారంతా మా నాయన ఎడ్లని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

ఆ తర్వాత ఆమె చానా ఏళ్లు బతికింది. నీడలు కూడా పోయాయి. మా అమ్మ ఎంత ఏరినా ఎక్కడో ఒక రాయి మిగిలేది. పటుక్కుమనగానే ఇంట్లో అందరం తినడం ఆపేసేవాళ్లం. ఆమె మాత్రం తినేది. ఒకసారి ముందు పన్ను ఇరిగింది. ఆ పన్నునీ రాయేమో అనుకుని పక్కన పెట్టింది.

నేను బీయే పాసయిన యేడు కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టా. అంచులన్నీ తడిమి చూసి, "ఇంత పల్చనా! చిరుగుద్దేమోనే, పెట్లో పెట్టు" అంది. కాలవకి నీళ్లొదిలినప్పుడు ఆమెని చూడ్డానికి తీసుకుపోయా. చూడ్డానికి అంటన్నా, అలవాటు మాట. గట్టు మీద కూర్చోబెడితే కాళ్లు నీళ్లలో పెట్టింది. "ఏం రంగే?" అంది. ఎర్రగా, బురదగా ఉన్నాయన్నా. "చల్లగా ఉన్నాయి" అంది. మేం జారిన చోటు అదేనని నేను చెప్పలేదు. ఆమెకి తెలిసే ఉంటది. కాసేపటికి కాళ్లు తీసేసి, ఇంటికి పోదాం పదంది. పోయిన యేడు చనిపోయింది.

ఈ ఉద్యోగంలో చేరిన రోజు నేను మొట్టమొదట చేసింది, ఆఫీసు గోడకున్న క్యాలెండరు తీసి పంచాంగమున్న క్యాలెండరు తగిలించడం. మిషనాసుపత్రిలో పంచాంగమేందమ్మా అని కొందరు గొణిగారు. గొణగనీ. అమావాస్య చూసుకోకుండా నేనెప్పుడూ తారీకు పెట్టించలేదు. ఈ ఒక్కసారే నా చేతిలో లేకుండా పోయింది. నెలరోజుల నుంచి అన్నం సయించలేదు. ఊళ్లలో ఒక్కొక్కరి మొహం కళ్ల ముందు ఆడతా ఉంది.

ఇప్పుడు తాళాలు నా చేతిలో ఉన్నాయి.

ఆసామి సంగతి కూడా చెప్పాలి. ఆయనకి రెండేళ్ల నుంచి కళ్లకి పొరలు. పొలం పోలేడు. వాళ్ల అల్లుడు ఊళ్లో వేరుశెనగ మిల్లు పెట్టాడు. మా ఊరికంతా ఫోను ఆ మిల్లులోనే. ఈయన పొద్దస్తమానం ఆ ఫోను పక్కన కుర్చీలో కూర్చుంటాడు. మోగితే ఎత్తడం, ఎవరికొస్తే వాళ్ల కోసం కేకేయించడం ఆయన పని. పోయిన నెల నేను ఇంటికి పోతా మిల్లు ముందు నుంచి నడుస్తుంటే, అడుగుల చప్పుడుకి మొహం ఇటు తిప్పాడు.

"ఎవురది?"

"నేనయ్యగారూ."

"బీయే పిల్లవా! ఏమే, మీ కళ్ల డాక్టరెప్పుడొస్తన్నాడే?"

"వచ్చే నెల బేస్తవారం. అమావాస్యయ్యగారూ."

ఆయన పక్కనున్న ఫోనుని చేత్తో తడిమాడు. తర్వాత, "అయితే నా ఎడ్లు కదలవుగా" అన్నాడు. నవ్వుతా అన్నాడో ఎట్టా అన్నాడో, ఆ కళ్లు చూస్తే తెలవలేదు. నేను వచ్చేశా. ఆయన మీద నాకు కోపముందా అంటే ఉంది. వ్యాన్లో ఆయనకి చోటూ ఉంది.

సిస్టరుగారు ఫోను గది తలుపు తీసిచ్చింది. ఎక్స్ఛేంజి ఆపరేటరు ఇప్పటికే విసుక్కుంటన్నాడు. వ్యాను బుధవారం రాత్రి నుంచే తిరగాలి, ముందు దూరపోళ్లు. ఇంకా ఫోను చెయ్యాల్సినోళ్లు:

ఎడ్లపాడు పోస్టుమాస్టరుగారు. అక్కడ పక్షవాతమొచ్చిన టీచరమ్మకి చెప్పాలి, మంచంతో సహా తీసుకొస్తామని.

మాచర్లలో బట్టల కొట్టు శెట్టిగారు. దూరం గాబట్టి ట్రంకు కాలు బుక్ చెయ్యాలి. వాళ్లమ్మగారు వ్యానెక్కనంటే, చెక్క ఉందని, అడుగెత్తక్కర్లేదని చెప్పాలి.

నడికుడి స్టేషను. ప్లాటుఫారం మీద టీ కొట్టు నడుపుతున్న ఒంటికాలు చిన్నాన్నని పిలవమనాలి. ఆ చుట్టుపక్కల వాళ్లకి ఆయనే కబురు చేరేస్తాడు. వ్యానొచ్చిందంటే ఏడుస్తాడు, ఏడవద్దని ముందే చెప్పాలి.

గురజాల ఆసుపత్రి కాంపౌండరు. చూపు లేని అన్నదమ్ములిద్దర్నీ ఒకే చోట ఉంచమనాలి.

చివరగా మా ఊరి మిల్లు. మా నాయనకి చెప్పాలి, వ్యానొచ్చిందని. ఫోను మాత్రం ఆసామే ఎత్తుతాడు. మా నాయన్ని పిలవమనే ముందు ఆయనకే చెప్పాలి. అయ్యగారూ, బేస్తవారం తెల్లవారి వ్యాను మీ గుమ్మం ముందుకే వస్తది. ఎడ్లక్కర్లేదు. మీరు ఎక్కుతారా?